ఏప్రిల్ 6న పుట్టినవాళ్లు, ఏప్రిల్ 6న బాంబులు పడ్డ ఊళ్లు

(విశాఖపట్నంలో పాఠకుల సమావేశంలో ఏప్రిల్ 6 సాయంత్రం ఒక రిటైర్డ్ చరిత్ర మాస్టారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు నుంచి రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నాయి. ఎండ ఇంకా దిగలేదు, అయినా వచ్చారు. చాలా సంతోషం.

ముప్పై ఏళ్ల పైచిలుకు బళ్లో చరిత్ర చెప్పాను. పొద్దున్న ప్రార్థన అయ్యాక ఎవరో ఒక పిల్లో పిల్లాడో ముందుకొచ్చి పేపర్లోంచి ‘చరిత్రలో ఈ రోజు’ చదివేవారు. మీలో చాలామంది చదివే ఉంటారు. ఫలానా శాస్త్రవేత్త పుట్టాడు, ఫలానా దేశం మీద ఫలానా దేశం దాడి చేసింది, ఫలానా నటి పుట్టింది. అన్నీ ఒకే గొంతుతో, ఒకే వేగంతో. ఒకరోజు ఏడో తరగతి పాప ఒకతె చదవడం అయిపోయాక వెళ్లకుండా నిలబడి, ‘మాస్టారూ, ఇందులో మన ఊరు ఎప్పుడూ రాదేం?’ అంది.

నేనేం చెప్పాను? ఏమీ చెప్పలేదు. లైన్లోకి వెళ్లమన్నాను. ఆ పాప అడిగిన రోజు ఏప్రిల్ 6 అని సాయంత్రం ఇంటికెళ్లాక గుర్తొచ్చింది. మన ఊరు రావాల్సిన రోజు ఏడాదిలో ఏదైనా ఉందంటే అదే. చరిత్ర చెప్పేవాణ్ణి, ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి, నాకే గుర్తు లేదు. అందుకే ఈ ఒక్క తారీకు గురించి మాట్లాడతాను. ఇందులో పుట్టినవాళ్లూ ఉన్నారు, యుద్ధాలూ ఉన్నాయి.

ముందు ఒక పుట్టుక. 1890 ఏప్రిల్ 6. జావా ద్వీపం, అప్పుడు డచ్చివాళ్ల పాలనలో ఉండేది. అక్కడ ఒక డచ్చి తోట యజమాని ఇంట్లో పిల్లాడు పుట్టాడు. పేరు ఆంథొనీ ఫోకర్. ఈ పేరు మీలో పెద్దవాళ్లు విన్నారు. ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కి ‘ఫోకర్ ఫ్రెండ్‌షిప్’ విమానాలుండేవి, ఆ ఫోకర్ ఇతని పేరే. కానీ నేను చెప్పేది ప్రయాణికుల విమానం సంగతి కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలకు ఒక చిక్కు ఉండేది. ముందు ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది కదా, దాని వెనక కూర్చుని మెషీన్‌గన్ పేలిస్తే ఆ ప్రొపెల్లర్ రెక్కలే ముక్కలైపోతాయి. 1915లో ఫోకర్ కంపెనీవాళ్లు జర్మనీ కోసం ఒక ఏర్పాటు చేశారు. రెక్క గొట్టానికి ఎదురుగా వచ్చిన క్షణంలో తుపాకీ పేలదు, రెక్క పక్కకు తప్పుకోగానే పేలుతుంది. అంతే. అంత చిన్న ఏర్పాటు. పైలట్ ఇక తుపాకీని వేరేగా గురిపెట్టక్కర్లేదు, విమానాన్ని ఎటు తిప్పితే అటే తుపాకీ. విమానమే తుపాకీ అయింది. అప్పటిదాకా ఆకాశం ఎక్కువగా చూసి రావడానికి పనికొచ్చేది, అక్కడి నుంచి వేటకు పనికొచ్చింది.

ఈ జావాను గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1917 ఏప్రిల్ 6. గుడ్ ఫ్రైడే. అమెరికా జర్మనీ మీద యుద్ధం ప్రకటించిన రోజు. ప్రతినిధుల సభలో అనుకూలంగా 373 ఓట్లు, వ్యతిరేకంగా 50. ఆ 50లో ఒక ఓటు జెన్నెట్ రాంకిన్‌ది. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొట్టమొదటి మహిళ. సభలోకి వచ్చి వారమైనా కాలేదు. ఈవిడ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇరవై నాలుగేళ్ల తర్వాత, 1941 డిసెంబర్లో, జపాన్ మీద యుద్ధానికి ఓటింగ్ వచ్చినప్పుడు కూడా ఆవిడ సభలో ఉంది. అప్పుడు మొత్తం సభలో ‘వద్దు’ అన్నది ఆవిడ ఒక్కతే. ఒక్కతే! ఆ రోజు మొదలైన జపాన్ యుద్ధమే నాలుగు నెలలకు మన వాకిట్లోకి వచ్చింది.

మన దేశంలో ఈ తారీకు ఇంకో రకంగా గుర్తుంది. 1919 ఏప్రిల్ 6, రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా గాంధీగారు దేశమంతా హర్తాళ్‌కు పిలిచిన రోజు. ఆ ఆలోచన ఆయనకు మద్రాసులో రాజాజీ ఇంట్లో ఉన్నప్పుడు తెల్లవారుజామున వచ్చింది. ఆ తర్వాత ఏడో రోజున, 13న, జలియన్‌వాలాబాగ్. అందుకే కాంగ్రెస్‌వాళ్లు 6 నుంచి 13 దాకా ఏటా జాతీయ వారం జరిపేవారు. 1930లో గాంధీగారు దండి దగ్గర ఉప్పు తీసింది కూడా ఏప్రిల్ 6నే. అది కాకతాళీయం కాదు, ఆ రోజుకే కావాలని పెట్టుకున్నారు. సబర్మతి నుంచి ఆయన వెంట నడిచినవారిలో మన ఎర్నేని సుబ్రహ్మణ్యంగారు కూడా ఉన్నారు. ఇదంతా మీకు తెలిసిందే, ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

ఆగాల్సిన చోటు బెల్‌గ్రేడ్, అప్పటి యుగోస్లావియా రాజధాని.

1941 ఏప్రిల్ 6, ఆదివారం తెల్లవారుజాము. యుగోస్లావియా మీద హిట్లర్ యుద్ధం ప్రకటించలేదు. బెల్‌గ్రేడ్ మీద దాడి చెయ్యొద్దు, ఇక్కడ మేం పోరాడం అని వాళ్లు ముందే చెప్పేశారు. అయినా జర్మన్ విమానాలు వచ్చాయి. ఆ దాడికి పెట్టిన పేరే ‘శిక్ష’. ఆ రోజు అక్కడి జాతీయ గ్రంథాలయం తగలబడింది. మూడు లక్షలకు పైగా పుస్తకాలు. వాటితో పాటు మధ్యయుగాల నాటి చేతిరాత గ్రంథాలు వెయ్యికి పైగా. మనం ఇప్పుడు కూర్చున్నది కూడా పుస్తకాల మధ్యే కదా, ఒక్కసారి ఈ బీరువాల వైపు చూడండి. అచ్చుపుస్తకం కాలితే ఇంకెక్కడో ఇంకో కాపీ ఉంటుంది. చేతిరాత ప్రతి కాలితే? మన తాళపత్రాలు కాలితే ఎంతో, అది అంత. ఇక లేదు.

ఆ పాత భవనం ఉన్న చోట శిథిలాలను చాలాకాలం అలాగే ఉంచేశారు. వేరే చోట కొత్త గ్రంథాలయం కట్టుకున్నారు. ప్రారంభం ఎప్పుడు చేశారో తెలుసా? 1973 ఏప్రిల్ 6న. ఏ తారీకున పోయిందో ఆ తారీకునే తలుపులు తెరిచారు. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తారీకును గుర్తు పెట్టుకోవడం అంటే ఇది. మనం పెట్టుకున్నామా?

ఇక మన సంగతికి వస్తాను. 1942.

ఫిబ్రవరిలో సింగపూర్ పడింది. మార్చి మొదటివారం దాటేసరికి రంగూన్ పడింది. అదే రోజుల్లో జావాలో డచ్చివాళ్లు లొంగిపోయారు. ఫోకర్ పుట్టిన జావా. మార్చి 23న జపాన్‌వాళ్లు అండమాన్‌లో దిగారు. బంగాళాఖాతం తూర్పు ఒడ్డు చాలావరకు వాళ్ల చేతిలో ఉంది. పడమటి ఒడ్డు ఎవరిది? మనది.

రంగూన్ అంటే అప్పట్లో మనవాళ్లకు విదేశం కాదండీ. కాకినాడ నుంచి, వైజాగ్ నుంచి ఓడెక్కి కూలికి వెళ్లేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు మనవాళ్లను కోరంగీలనేవారు. రంగూన్ రేవులో మూటలు మోసింది, మిల్లుల్లో పని చేసింది చాలావరకు మన తెలుగువాళ్లే. ఆ నెలల్లో వాళ్లు అడవుల వెంబడి, కొండల వెంబడి నడిచి వస్తున్నారు. దారిలో ఎంతమంది పోయారో! అంటే, బాంబులు పడకముందే ఈ తీరంలో ఎన్నో ఇళ్లల్లో ఏడుపు ఉంది. మనవాడు వచ్చాడా, రాలేదా అని.

ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. అడ్మిరల్ నగుమో విమానవాహక నౌకలు ఐదు కలిసి కొలంబో మీద దాడి చేశాయి. అంతకు నాలుగు నెలల ముందు పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లినవాడే ఈ నగుమో. అదే రోజు బ్రిటిష్‌వాళ్ల పెద్ద క్రూయిజర్లు రెండు, డార్సెట్‌షైర్, కార్న్‌వాల్, సముద్రంలో మునిగిపోయాయి. ఇది పెద్ద దండు. దీని గురించి అందరూ రాశారు.

మన మీదికి వచ్చింది ఇంకో దండు. అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో బర్మా తీరంలోని మెర్గుయ్ నుంచి బయల్దేరింది. అందులో ఒకటే విమానవాహక నౌక, ర్యూజో. చిన్నది. చిత్రం ఏమిటంటే ఆ నౌక జపాన్ నౌకాదళంలో చేరింది 1933లో. మన విశాఖ ఓడరేవు తెరిచింది కూడా 1933లోనే. ఒకే ఏడు పుట్టిన రెండూ ఇలా కలుసుకున్నాయి.

ఏప్రిల్ 6, సోమవారం. చిత్రభాను నామ సంవత్సరం, చైత్ర బహుళ పక్షం. ఒజావా నౌకలు మూడు గుంపులుగా విడిపోయి, ఒడిశా తీరం నుంచి మన తీరం దాకా దొరికిన సరుకు ఓడనల్లా ముంచుతూ పోయాయి. ఆ నాలుగైదు రోజుల్లో 20కి పైగా ఓడలు, లక్ష టన్నుల పైచిలుకు. ర్యూజో విమానాలు కాకినాడ మీద, విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. అదీ సంగతి.

నష్టం ఎంత? లెక్క వేస్తే తక్కువే. బెల్‌గ్రేడ్‌తో పోల్చేది కాదు, కొలంబోతో కూడా పోల్చేది కాదు. అందుకే పెద్ద పుస్తకాల్లో మనకు ఒక వాక్యం వస్తుంది, చాలాచోట్ల అదీ రాదు. ‘స్వల్ప నష్టం’ అని రాస్తారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోతాను. స్వల్ప నష్టం ఎవరికి? ఊరు ఖాళీ అయింది. జనం బళ్లు కట్టుకుని, రైలెక్కి, ఏదీ లేనివాళ్లు కాలినడకన లోపలి ఊళ్లకు పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం యుద్ధకాలంలో గుంటూరుకు తరలిపోయింది, ఆ భవనాలు మిలిటరీకి వెళ్లాయి. సింధియా షిప్‌యార్డుకు రాజేంద్రప్రసాద్‌గారు పునాదిరాయి వేసి ఏడాదైనా కాలేదు, 1941 జూన్‌లో వేశారు. అక్కడ పని ఆగిపోయింది. ఆ యార్డు నుంచి మొదటి ఓడ ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది ఎప్పుడు? 1948 మార్చిలో. స్వాతంత్ర్యం వచ్చాక, నెహ్రూగారి చేతుల మీదుగా. అటు మద్రాసులో ప్రభుత్వమే భయపడిపోయి ఆఫీసులను లోపలి ఊళ్లకు మార్చింది. బ్రిటిష్ నౌకాదళం తూర్పు ఆఫ్రికా దాకా వెనక్కి తగ్గింది. మనల్ని కాపాడుతున్నాం, అందుకే ఏలుతున్నాం అన్నవాళ్లు వాళ్లు! అదే వారంలో ఢిల్లీలో, బ్రిటన్ పంపిన మంత్రి క్రిప్స్‌గారితో కాంగ్రెస్ చర్చలు నడుస్తున్నాయి, 11వ తేదీకల్లా విఫలమయ్యాయి. మళ్లీ చెబుతున్నాను, ఇదంతా జాతీయ వారంలోనే. బాంబులు పడింది జాతీయ వారం మొదటి రోజున.

ఇంకో నష్టం ఉంది, అది మన తీరంలో కనిపించలేదు. జపాన్‌వాడు దిగితే వాడికి బియ్యం, పడవలు దొరకకూడదని బ్రిటిష్‌వాళ్లు ఆ వేసవిలో బెంగాల్ తీరంలో పడవలు లాక్కున్నారు, బియ్యం ఎత్తేశారు. పడవ లేనిదే బెంగాల్ పల్లెలో చేపా లేదు, చేనూ లేదు. బర్మా బియ్యం రావడం ఎలాగూ ఆగిపోయింది. మర్నాటి ఏడు, 1943లో, బెంగాల్ కరువు. లక్షల మంది ఆకలితో పోయారు. కరువుకు కారణం ఇదొక్కటే అనను, చాలా ఉన్నాయి. కానీ మన ఊరి మీద ఎగిరిన విమానాల భయం కూడా ఆ కారణాల్లో ఉంది.

ఇప్పుడు మళ్లీ పుట్టినరోజుల దగ్గరికి రండి. ఆ సోమవారం నాడు బెంగాల్లో, పాబ్నా వైపు, ఒక అమ్మాయికి పదకొండేళ్లు నిండాయి. 1931 ఏప్రిల్ 6న పుట్టింది. తర్వాత సినిమా నటి సుచిత్రా సేన్ అని దేశమంతా తెలిసింది. పేపర్లో ఆవిడ పేరు ఒక లైను, వైజాగ్ మీద బాంబులు, ఒకవేళ వేస్తే, ఇంకో లైను. రెండింటికీ సంబంధం లేనట్టే ఉంటుంది. కానీ చూడండి, ఆవిడ పన్నెండు దాటేసరికి చుట్టూ కరువు, పదహారేళ్లకు దేశ విభజన. పుట్టిన ఊరు వేరే దేశంలోకి పోయింది. పుట్టినరోజు అని మనం రాసే ఆ ఒక్క లైను వెనక ఇంత కాలం ఉంటుంది.

అదే సోమవారం చికాగోలో ఒక కుర్రాడికి పద్నాలుగేళ్లు నిండాయి. జేమ్స్ వాట్సన్, 1928 ఏప్రిల్ 6. పదకొండేళ్ల తర్వాత, 1953లో, క్రిక్‌తో కలిసి డీఎన్ఏ ఆకారం చెప్పాడు. పిల్లలకు ఇది తెలుసు. తెలియాల్సింది ఇంకా ఉంది. ఈ క్రిక్ యుద్ధంలో ఏం చేశాడు? బ్రిటిష్ నౌకాదళానికి సముద్రపు మందుపాతరలు తయారుచేశాడు. వాళ్లతో పాటు నోబెల్ పంచుకున్న విల్కిన్స్? అణుబాంబు పనిలో ఉన్నాడు. ఆ పని నుంచి బయటపడి జీవశాస్త్రం వైపు వచ్చాడు. రోజలిండ్ ఫ్రాంక్లిన్ బొగ్గు మీద పరిశోధన చేసింది, అదీ యుద్ధపు అవసరమే. ఆవిడ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే ఫోటో లేకపోతే ఆ డీఎన్ఏ ఆకారం అప్పటికి తేలేది కాదు. నోబెల్ నాటికి ఆవిడ లేదు. ఈ పేరు కూడా పిల్లలకు చెప్పండి, దయచేసి చెప్పండి. వాట్సన్ ఒక్కడే చిన్నవాడు, యుద్ధానికి వెళ్లే వయసు రాలేదు. మిగతా ముగ్గురూ యుద్ధంలోంచే వచ్చారు.

దిలీప్ వెంగ్‌సర్కార్ కూడా ఏప్రిల్ 6నే, 1956లో. క్రికెట్ ఇష్టమైనవాళ్లు అలుగుతారని చెప్పాను.

మళ్లీ యుద్ధం. 1945 ఏప్రిల్ 6 సాయంత్రం. మూడేళ్లు గడిచాయి. జపాన్‌వాళ్ల అతిపెద్ద యుద్ధనౌక యమాటో ఒకినావా వైపు బయల్దేరింది. తిరిగి రాదని తెలిసే పంపారు. మర్నాడు మధ్యాహ్నానికి మునిగింది. మన మీదికి విమానాలు పంపిన ర్యూజో అప్పటికే ఎక్కడుంది? సముద్రం అడుగున. 1942 ఆగస్టు 24న, సోలొమన్ దీవుల దగ్గర. వైజాగ్ మీద బాంబులు వేసి ఐదు నెలలు కాకముందే. ఆ నౌక మీద ఉన్నవాళ్లూ తల్లుల పిల్లలే. వాళ్లూ ఏదో ఒక తారీకున పుట్టినవాళ్లే.

అదే 1945 ఏప్రిల్ 6న, అటు యూరప్‌లో సారయేవో నగరం నాజీల నుంచి విడుదలైంది. వాళ్లకు ఆ రోజు పండగ. సరిగ్గా నలభై ఏడేళ్లకు, 1992లో, అదే ఏప్రిల్ 6 నాటికి వాళ్ల ఊరి మీదే ముట్టడి మొదలైంది. దాదాపు నాలుగేళ్లు, 1,425 రోజులు. ఆ ఆగస్టులో అక్కడి జాతీయ గ్రంథాలయాన్ని ఫిరంగులతో కాల్చేశారు. బెల్‌గ్రేడ్, సారయేవో రెండూ ఒకప్పుడు ఒకే దేశంలోవే. ఒక గ్రంథాలయం కాలడం చూసిన దేశంలోనే ఇంకో గ్రంథాలయాన్ని వాళ్లే కాల్చారు. దీని మీద ఇంకేం చెప్పను?

మన బీచ్ రోడ్డులోకి రండి. కురుసుర సబ్‌మెరీన్ ఉంది, 1971 యుద్ధ స్మారకం ఉంది. ఘాజీ కథ ప్రతి పిల్లాడికీ తెలుసు. తెలియాలి కూడా. కానీ అదే రోడ్డులో విశాఖ మ్యూజియంలో 1942లో జపాన్ విమానం వేసిన బాంబు ఒకటి ఉంది. చూశారా మీలో ఎవరైనా? చేతులెత్తండి. ఆరుగురు. ఇసుకలో ఆ కాలపు సిమెంటు గూడు కూడా ఉంది, సైనికులు తుపాకీ పెట్టుకుని సముద్రం వైపు కాపలా కాసేది. పిల్లలు దానెక్కి ఆడుకుంటారు. ఆడుకోనివ్వండి. కానీ అదేమిటో వాళ్లకు ఒక్కసారి చెప్పండి.

చివరగా మా ఇంటి సంగతి. మా అమ్మకు అప్పుడు పన్నెండేళ్లు. కురుపాం మార్కెట్ దగ్గర ఇల్లు. మా అమ్మమ్మ నిండు గర్భిణి. బాంబులు పడ్డ రాత్రే ఎడ్లబండి కట్టించి శృంగవరపుకోటలో చుట్టాలింటికి పోయారు. అమ్మ చెప్పేది, ‘బండిలో గడ్డి పరిచి అమ్మని పడుకోబెట్టారు, దీపం వెలిగించొద్దన్నారు, ఎద్దుల మెడలో గంటలు కూడా విప్పేశారు’ అని. గంటలు విమానానికి వినబడతాయా? వినబడవు. అయినా విప్పేశారు. ఆ భయం ఏ పుస్తకంలో ఉంది చెప్పండి?

అక్కడే మా పిన్ని పుట్టింది. బళ్లో వేసినప్పుడు మాస్టారు పుట్టిన తేదీ జూలై 1 అని రాసేశారు. అప్పట్లో సగం ఊరికి జూలై 1నే కదా పుట్టినరోజు. సర్టిఫికెట్‌లో, పెన్షన్ కాగితంలో అంతా జూలై 1. కానీ మా అమ్మమ్మ లెక్క వేరు. ‘బాంబులు పడ్డ పదకొండు రోజులకి, అప్పన్న చందనోత్సవానికి ముందు రోజు. ఆ ఏడు కొండకి వెళ్లలేకపోయాం’ అనేది. నేను రిటైరయ్యాక పాత పంచాంగం పట్టుకుని లెక్క కట్టాను. చందనోత్సవం జరిగే వైశాఖ శుద్ధ తదియ 1942లో ఏప్రిల్ 18. ముందు రోజు ఏప్రిల్ 17. ఆరుకు పదకొండు కలిపితే పదిహేడు. అక్షరం ముక్క రాని మా అమ్మమ్మ లెక్క ఒక్కరోజు తప్పలేదు.

పిన్నికి ఎనభై దాటింది. ఈ ఉదయం ఫోన్ చేసి, ఇవాళ బాంబుల రోజు పిన్నీ, మీటింగులో మాట్లాడుతున్నాను అన్నాను. ‘అయితే ఇంకా పదకొండు రోజులుంది నాకు’ అంది.

మీ ఇళ్లల్లో కూడా ‘బాంబుల ఏడు’ అన్న మాట విని ఉంటారు. బండిలో వెళ్లారా, నడిచి వెళ్లారా, ఏ ఊరికి వెళ్లారు, ఎన్నాళ్లకు తిరిగొచ్చారు, ఇల్లు అలాగే ఉందా. రంగూన్ నుంచి నడిచొచ్చినవాళ్లు ఉన్నారా. ఇక్కడ బల్ల మీద నోటు పుస్తకం పెట్టాం, ఈ అబ్బాయి ఫోన్‌లో రికార్డు కూడా చేస్తాడు. నేను మాట్లాడింది చాలు. ముందు వరసలో ఉన్న అమ్మగారు, ఇందాక కాకినాడ అనగానే చెయ్యెత్తారు. మీరు లేవకండమ్మా, మైకు అక్కడికే తెస్తారు. చెప్పండి.